ఆహిరి

కర్నూలు కార్పొరేషన్‌లో కలిసిపోయినా, కల్లూరులో మా ఇల్లు ఇంకా పాత మిద్దే. నడిమింట్లో పాతికమంది కూచోవచ్చు. నెలకొకసారి అక్కడే కచేరీ పెట్టుకుంటాం. మైకు లేదు, టికెట్టు లేదు. వినేవాళ్లు తలా ఒక గిన్నె తెస్తారు. ఒకరింటి జొన్నరొట్టెలు, ఒకరింటి గుత్తివంకాయ, ఇంకొకరింటి శెనక్కాయల పొడి. పాట అయినాక బంతి. వాయించినవాళ్లకే మొదటి విస్తరి.

ఈ సంగీతం బతికింది ఇట్లాంటి ఇండ్లలోనే. త్యాగరాజస్వామి ఉంఛవృత్తి బియ్యంతోనే తిరువయ్యారులో సంసారం నడిపినాడు, ఇంట్లోనే శిష్యులకు పాఠం చెప్పినాడు. ఆయన పోయింది 1847లో. మద్రాసు మ్యూజిక్ అకాడమీ వచ్చింది 1928లో. సభలు, మైకులు తర్వాతి మాట.

సన్నాయిని మాత్రం మనం గడప దాటనీయలేదు. చెవులు పగులుతాయని ఒక సాకు. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానాకు 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి ఇచ్చుకున్నాం. ఊళ్లో మేళం మాత్రం ఇప్పటికీ పందిరి చివరనే కూచుంటుంది. అది నా మనసులో ముల్లులా ఉండేది. అందుకే పోయిన నెల ఒక సన్నాయి విద్వాంసుణ్ణి పిలిచినాను. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. గడప దగ్గర చెప్పులు విడిచి కొంచెంసేపు అక్కడే నిలబడినాడు. నేను చెయ్యి పట్టుకుంటేగానీ లోపలికి రాలేదు.

పీకను నోట్లో తడుపుకొని, ఊపిరి సగానికి తగ్గించి వాయించినాడు. అంత సన్నగా సన్నాయి పలుకుతుందని ఆ రోజే తెలిసింది నాకు. బుగ్గలు పొంగలేదు. మెడ మీద నరం ఒక్కటే కదులుతా ఉండింది.

చివర్న నేను ఆహిరి రాగం అడిగినాను. మా నాయన వెంటనే అడ్డం వచ్చినాడు.

“భోజనాలు కానీరా. ఆహిరి వాయిస్తే ఆ పూట అన్నం పుట్టదంటారు.”

అందరూ నవ్వినారు. ఆయన కూడా నవ్వి, వాయించినాడు. పావుగంట. నవ్వినవాళ్లు ఒక్కరూ కదల్లేదు. మా అమ్మ కొంగుతో కండ్లు ఒత్తుకుంది.

బంతి సాగింది. ఆయనను మధ్యలో కూచోబెట్టి, అటు నేను, ఇటు మా నాయన. భక్షాల మీద మా నాయనే స్వయంగా నెయ్యి పోసి, సంబరంగా అన్నాడు.

“చూస్తివా! ఆహిరి వాయించినా అన్నం పుట్టె.”

పెద్దాయన విస్తరిలో వేలితో నెయ్యి తుడుచుకుంటా మెల్లగా చెప్పినాడు.

“ఈ ఇంటికి నేను రావడం ఇది రెండోసారి అయ్యా. మీ పెండ్లికి వచ్చినాం. మా నాయన సన్నాయి, నేను శ్రుతి పట్టినా. పదహారేండ్లు నాకు.”

“అట్లనా! చెప్పలేదే!” అన్నాడు మా నాయన.

“తెల్లవారుజామున కూచుంటే పొద్దు వాలేదాకా వాయించినాం. మేళానికి చివరి బంతి గదా, పిలుస్తారని పందిట్లోనే ఉంటిమి. ఎవరూ పిలవకపోతే మా నాయన వెనక దొడ్లోకి పోయి చూసినాడు. గుండిగలు కడిగి బోర్లించినారు. నన్ను హంద్రి ఒడ్డుకు తీసుకపోయి కడుపునిండా నీళ్లు తాగించి, ఊరికి నడిపించుకోని పోయినాడు.”

మా నాయన చేతిలో నేతిగిన్నె అట్లే ఉండిపోయింది.

“ఆ రోజు వాయించిన రాగాలన్నీ నాకిప్పటికీ వరసగా గుర్తే అయ్యా,” అన్నాడాయన. “వాటిలో ఆహిరి లేదు.”