పావలా కరెంటుకు టాప్ మోడల్

2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కదా, అలా మిగిలిన డబ్బుతో మనవాళ్లేం చేశారో షోరూములో అడిగి చూడండి. మధ్య మోడల్ బుక్ చేసినవాడు టాప్ మోడల్‌కి ఎగబాకాడు. ఎందుకయ్యా అంటే సన్‌రూఫ్, వైర్‌లెస్ చార్జింగ్. సన్‌రూఫ్ సంగతి పుదుచ్చేరి ఎండే చూసుకుంటుంది. నా ఒళ్లు మండేది రెండోదానికి.

మా బావమరిది పీవై 04 నంబరు కొత్త కారేసుకుని యానాం నుంచి పుదుచ్చేరిలోని గోరిమేడు వచ్చాడు. పేరుకి ఒకటే కేంద్రపాలిత ప్రాంతం, మధ్యలో ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు. దిగీ దిగగానే మంచినీళ్లయినా అడక్కుండా, "బావా, వైర్‌లెస్ చూశావా?" అన్నాడు. చూశాను. గేరు ముందు నల్లటి రబ్బరు పళ్లెం. దాని మీద ఫోను పడుకోబెడితే చాలట, దానంతటదే తాగుతుందట. ఎంత తాగిందిరా అంటే తెర చూపించాడు. 31 శాతం. నెల్లూరు దాటేటప్పుడు 44 ఉందిట.

తాగకపోవడం దాని తప్పేం కాదు. పళ్లెం అడుగున ఒక రాగి చుట్ట, ఫోను వీపులో మరొకటి. రెండూ ఎదురెదురుగా కుదురుగా ఉంటేనే కరెంటు దిగేది. ఇంట్లో బల్ల మీదైతే కుదురుతాయి. మన రోడ్డు మీద స్పీడ్ బ్రేకరు రాగానే ఫోను రెండు వేళ్లు పక్కకి జరుగుతుంది, చార్జింగ్ ఆగుతుంది. మనవాడు స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి, రోడ్డు మీంచి చూపు తీసి, పసిపిల్లాణ్ణి సర్దినట్టు దాన్ని సర్దుతాడు. కవరు తీసి చూస్తే ఏటీఎం కార్డు, దాని కింద తిరుపతి నుంచి తెచ్చిన వెంకన్న రేకు బొమ్మ. రేకు కాలి ఉంది. కవరు వెనక దేవుణ్ణి పెట్టుకోమని చెప్పింది ఎవరో, దేవుడి కింద పొయ్యి పెట్టమన్నది మాత్రం కార్ల కంపెనీయే.

తీగ తీసేస్తే వచ్చిన తంటా ఇంకా ఉంది. ఆ చుట్టల మధ్య కరెంటు కొంత దారిలోనే వేడిగా పోతుంది. పైన ఎండ, లోపల మ్యాపు, కింద పళ్లెం. 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దని ఐఫోను తయారుచేసినవాళ్లే రాశారు. వేడెక్కిన ఫోను తన ప్రాణం కాపాడుకోవడానికి చార్జింగ్ తానే తగ్గించుకుంటుంది. దీనికి కంపెనీలు కనిపెట్టిన మందేమిటో తెలుసా? పళ్లెం కింద ఫ్యాను! అదీ బ్రోచర్లో ఇంకో ఫీచరు: "కూలింగ్‌తో కూడిన వైర్‌లెస్ చార్జర్". రోహిణి కార్తెలో రోళ్లు పగిలే దేశంలో ముందు పొయ్యి అమ్మారు, తర్వాత విసనకర్ర అమ్మారు. మూరెడు తీగ గుచ్చడం బరువైనందుకు రాగి చుట్ట, చుట్ట వేడెక్కినందుకు ఫ్యాను. మరి ఆ ఫ్యాను దేంతో తిరుగుతుంది? తీగతో.

ఇంకో వింత. కొన్నాళ్ల కిందటి దాకా కొన్ని కంపెనీల కార్లలో చిన్న తెర ఉన్న కింది మోడల్‌కే ఫోను మ్యాపు తీగ లేకుండా వచ్చేది. పెద్ద తెర ఉన్న టాప్ మోడల్‌కి తీగ గుచ్చాల్సిందే. అంటే లక్ష ఎక్కువ పోసి కొన్నవాడి పక్కన వైర్‌లెస్ పళ్లెం ఖాళీగా ఉంటుంది, ఫోను తీగకి వేలాడుతుంటుంది.

తీగే నయమనుకుంటే, సిగ్నళ్ల దగ్గర అమ్మే నీలం లైటు చార్జర్ మీద 120 వాట్లని రాసి ఉంటుంది, రాయడానికేం, రంగే కదా. పాత కార్లలో పాటలకిచ్చిన యూఎస్‌బీ కన్నం ఇచ్చేది రెండున్నర వాట్లు, మ్యాపు ఆకలికే చాలదు.

పోనీ, ఇవన్నీ కొన్నవాడి డబ్బు, వాడి ఫోను. కానీ జిప్మర్ ఆస్పత్రి ఎదురుగా రోడ్డు పక్కన ఇంజన్ ఆపకుండా, అద్దాలు ఎక్కించుకుని, అరగంట కూర్చుని "ఫోను చార్జింగ్ పెట్టా సార్" అనేవాడి సంగతో? అది వాడి సొంత వ్యవహారం కాదు. పొగ గొట్టంలోంచి వచ్చేది కింద కూర్చున్న మనిషి మొహానికే తగులుతుంది. అక్కడ కింద కూర్చునేది ఎవరు? యానాం నుంచి, ఊళ్ల నుంచి రోగిని తీసుకొచ్చి, క్యారేజీ ముందు పెట్టుకుని, లోపలి నుంచి కబురు కోసం చూసేవాళ్లు. వాళ్ల ఊపిరితిత్తుల్లోకి నీ చార్జింగ్ పొగా? ఆస్పత్రి చుట్టూ వంద మీటర్లలో హారన్ కొట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పొగ వదలొద్దని మనిషికి నిబంధన రాసి చెప్పాలా? సిగ్గుండక్కర్లేదా?

లెక్క చూద్దాం. 5,000 ఎంఏహెచ్ ఫోను నిండడానికి, దారిలో పోయేదంతా కలిపినా, పాతిక వాట్ అవర్లు. యూనిట్ కరెంటుతో నలభై సార్లు నింపొచ్చు, ఒక్కసారికి పావలా కూడా పడదు. ఏసీ వేసి నిలబెట్టిన కారు గంటకి లీటరుకి అటూ ఇటూగా పెట్రోలు తాగుతుంది. ఆ లీటరులో ఉన్న శక్తి దాదాపు 9 యూనిట్లు. లీటరుకి కొద్ది రూపాయలు మిగులుతాయని తమిళనాడు బళ్లు సరిహద్దు దాటొచ్చి గోరిమేడు వైపు బంకుల్లో కొట్టించుకుపోతాయి, ఇక్కడ వీళ్లు పావలా కరెంటు కోసం లీటర్లు తగలేస్తారు.

మొన్న అలాంటి ఒక బండి అద్దం తట్టాను. ఏపీ నంబరు, మనవాడే. రెండు వేళ్లు దించాడు, చల్లగాలి మొహాన కొట్టింది. ఇంజన్ ఆపమన్నాను.

"ఆపితే చార్జింగ్ ఆగిపోదా సార్? ఇంకా 78 దగ్గరే ఉంది."

ఆగదయ్యా. ఇంజన్ ఆపేశాక, బ్రేకూ క్లచ్చూ తొక్కకుండా స్టార్ట్ బటన్ ఒక్కసారి నొక్కు. ఇంజన్ లేకుండానే కన్నానికి కరెంటొస్తుంది. నీ కారు బ్యాటరీలో నాలుగొందల పైన వాట్ అవర్లున్నాయి, నీ ఫోను తాగితే దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. అంతా ఓపిగ్గా విన్నాడు, తలూపాడు.

"నిజమే సార్. కానీ అప్పుడు ఏసీ రాదు కదా."