సెట్టింగుల బావ

సూరత్‌లో లింబాయత్ వైపు తెలుగువాళ్లుండే ఏ గల్లీకి పోయినా మూడు కనిపిస్తాయి. గోడ మీద మార్కండేయుడి పటం, ఊళ్లో మిగిలిన జాగా గురించి అన్నదమ్ముల తగాదా, ఒక సెట్టింగుల బావ. మొదటి రెండింటి జోలికి మనం పోవద్దు. ఒకటి భక్తి, రెండోది కోర్టులో ఉంది.

సెట్టింగుల బావ వయసు నలభై దాటి ఉంటుంది. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, మొదలుపెట్టి ఇప్పుడు వాటర్‌జెట్ మగ్గాల కార్ఖానాలో సూపర్‌వైజర్ దాకా వచ్చాడు. చదివింది సూరత్ నగరపాలిక నడిపే తెలుగు బడిలో. శబ్దం గాలిలో ప్రయాణిస్తుందని అక్కడి సైన్సు మాస్టారు చెప్పారట. అప్పటినుంచి ఆయనకు గాలి మీద అనుమానం. ఒక చెవిలో ఎప్పుడూ బడ్ ఉంటుంది. రెండో చెవి ఖాళీ, అది జనం కష్టాలు వినడానికి.

మనం పాట వింటాం. బావ పాట వెనకాల గరగర వింటాడు. తన చెవిలోదే కాదు, మన చెవిలోది కూడా ఆయనకే వినిపిస్తుంది.

"ఏందిరా బామ్మర్దీ, గట్ల పలిగిపోతుంటె ఎట్ల ఇంటున్నవ్‌ర?"

"నాకేం పలుగుతలేదు బావా. మంచిగనే అస్తుంది."

"నీకు తెల్వదు. అలవాటైంది."

ఈ మాటకు జవాబు లేదు. బీపీ ఉన్నవాడు లేదన్నా డాక్టర్ నమ్ముతాడా? మనం ఆ ఆలోచనలో ఉండగానే ఫోను ఆయన చేతిలోకి వెళ్లిపోతుంది.

ఇక వైద్యం. సెట్టింగ్స్‌లోకి పోయి, 'అబౌట్ ఫోన్' తెరిచి, బిల్డ్ నంబర్ మీద వేలితో ఏడుసార్లు కొడతాడు. ఏడో దెబ్బకు ఫోను లొంగిపోయి, నువ్వు ఇప్పుడు డెవలపర్‌వి అని ప్రకటిస్తుంది. గచ్చిబౌలిలో ఆ మాట అనిపించుకోవాలంటే నాలుగేళ్ల ఇంజినీరింగు, పైన అమీర్‌పేటలో కోచింగు కావాలి. లింబాయత్‌లో చా బండి పక్కన నిలబడితే కప్పు చల్లారేలోగా అయిపోతారు. గల్లీలో సగం మందిని బావ ఇప్పటికే డెవలపర్లను చేశాడు. వాళ్లలో పాలవాడున్నాడు, బీములు మోసే ఒడియా కుర్రాడున్నాడు, ఫోనంటే పచ్చ బటన్, ఎర్ర బటన్ తప్ప తెలియని మా పెద్దమ్మ కూడా ఉంది.

ఆ రహస్యపు గదిలో బ్లూటూత్ కోడెక్ అని ఒక వరుస కనిపిస్తుంది. బావ ఇంతసేపూ వెతికింది దాన్నే. విషయం ఏమిటంటే, బ్లూటూత్ పాటను ఉన్నదున్నట్టు పంపదు. ఫోను దాన్ని కుదించి గాల్లోకి వదులుతుంది, చెవి దగ్గర మళ్లీ విప్పుకుంటారు. ఆ కుదించే పద్ధతే కోడెక్. ఎస్‌బీసీ అనేది పాటలు వినిపించే ప్రతి బ్లూటూత్ వస్తువులోనూ ఉండి తీరాలి. మంచి అమరికలో అది సెకనుకు 328 కిలోబిట్ల దాకా పంపుతుంది. సోనీ వాళ్ల ఎల్‌డాక్‌కు 330, 660, 990 అని మూడు మెట్లున్నాయి. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8లో గూగుల్ దాన్ని కలుపుకున్నాక, మామూలు ఫోన్లలోకీ దిగింది. ఇదంతా నేను పొడిపొడిగా చెప్పాను. బావ చెబితే వేరు.

"పాట గూడ గుడ్డనే బామ్మర్దీ. ఇంచుకు ఎన్ని పిక్కులు పడ్తె గంత గట్టి. నీ ఎస్‌బీసీ దోమతెర. ఎల్‌డాక్ పట్టుచీర."

పిక్కుల లెక్కన కూలి తీసుకున్న మనిషి అన్న మాట కాబట్టి ఎదురు చెప్పలేం. చిక్కంతా ఎక్కడంటే, చౌటా బజార్లో ఐదొందలకు కొన్న బడ్స్‌కు పట్టుచీర కట్టుకునే యోగం లేదు. ఎల్‌డాక్ రెండువైపులా ఉండాలి, ఫోనులో ఉంటే చాలదు. బావ నొక్కుతాడు. ఫోను తిరిగి ఎస్‌బీసీకి జారుకుంటుంది. మళ్లీ నొక్కుతాడు. మళ్లీ జారుతుంది. ఇద్దరిలో ఫోనుకే ఓపిక ఎక్కువ.

ఒకసారి సేటు కొడుకు ఐఫోన్ కూడా బావ చేతికి చిక్కింది. ఏడుసార్లు కొడదామని చూస్తే అందులో ఆ తలుపే లేదు. పైగా ఐఫోన్ ఎస్‌బీసీ, ఏఏసీ తప్ప ఎల్‌డాక్ మాట ఎత్తదు. బావ దాన్ని రెండు చేతులతో తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజంతా, "లచ్చ రూపాలు పెట్టిండు పాపం" అని కార్ఖానాలో కనిపించిన వాళ్లందరి దగ్గరా సేటు కొడుకు మీద జాలిపడ్డాడు. నెల పగారు కూడా లక్షకు చాలా దూరంలో ఉన్నవాళ్లు ఆ జాలిలో మనస్ఫూర్తిగా పాలుపంచుకున్నారు.

ప్రతి వైద్యుడికీ ఒక పరీక్ష ఉంటుంది కదా. బావది ఒక పాత తెలుగు పాట. ఉధ్నాలో పది రూపాయలకు మెమరీ కార్డు నింపే కొట్లున్న రోజుల్లో ఎక్కించుకున్నాడు. ఒకే కార్డులో వెయ్యి పాటలు పట్టాలని ఆ కొట్టువాడు వాటిని 64 కిలోబిట్లకు పిండి పెట్టాడు. ఎల్‌డాక్‌కు సెకనుకు 990 కిలోబిట్ల రాజమార్గం పరిచి, దాని మీద బావ నడిపించేది ఆ పాటనే. అది విని కళ్లు మూసుకుని, "ఇగ సూడు, వీణ తీగ గీకుడు గూడ ఇనబడ్తుంది" అంటాడు. ఆ పాటలో వీణ ఉందో లేదో నేను ఎప్పుడూ అడగలేదు. పెద్దవాళ్లను కొన్ని అడగకూడదు.

పైగా ఆ చెవులు ఎక్కడ పెరిగాయో మరిచిపోకూడదు. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ దాటకూడదని కార్ఖానాల నిబంధన. నాడె కొట్టే పాత సాంచెలు ఆ నిబంధన ఎప్పుడూ చదవలేదు. అలాంటి మోతలో ఏళ్లు గడిపితే ముందుగా దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ దగ్గరి వినికిడి. పాటలో తాళాల గలగల, మాటలో 'స', 'త' ఉండేది ఆ చుట్టుపక్కలే. అందుకే లింబాయత్‌లో రహస్యాలు కూడా గల్లీ చివరిదాకా వినిపిస్తాయి. బావ తరం వాళ్లందరూ అలాగే మాట్లాడతారు. వాళ్లలో బావ ఒక్కడే, "ట్రెబుల్ తగ్గింది, ఇది కంపెనీ మోసం" అంటాడు.

అయితే బావ చెప్పేవన్నీ తప్పనుకుంటే అన్యాయం. చాలావరకు నిజాలే చెబుతాడు, కాకపోతే వాటిని ఎక్కడ వాడాలో అక్కడ వాడడు. రింగ్‌రోడ్ టెక్స్‌టైల్ మార్కెట్‌లో పాట తెగితెగి వస్తుందంటే, "గాలి జామైంది" అంటాడు. నిజమే. దుకాణం దుకాణానికీ వైఫై, మనిషి మనిషికీ బ్లూటూత్, అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఇరుక్కుంటాయి. పాటలు మోసే బ్లూటూత్ అక్కడ 79 చానళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతూ ఖాళీ వెతుక్కుంటుంది. అంత రద్దీలో 990 మెట్టు ఎక్కితే పాట ఇంకా తెగుతుంది. 330కి దిగితే సాఫీగా నడుస్తుంది. ఈ సంగతి బావకు బాగా తెలుసు. కానీ దిగడం ఆయన స్వభావంలో లేదు. మార్కెట్‌లో కూడా 990లోనే పెట్టుకుని, రెండు ముక్కలు విని, మూడో ముక్క ఊహించుకుంటాడు.

మనిషి ఒంట్లోని నీరు ఆ తరంగాలను మింగేస్తుందనేదీ నిజమే. వెనక జేబులో ఫోను పెడితే బడ్‌కూ ఫోనుకూ మధ్య ఒళ్లంతా అడ్డం. దాంతో గల్లీలో అందరిచేతా ఫోన్లు చొక్కా జేబుల్లో పెట్టించాడు. టీషర్టులకు పైజేబు ఉండదు కదా అని కుర్రాళ్లు అంటే, "కుట్టించుకోండ్రి, సూరత్‌ల గుడ్డకు కరువా?" అన్నాడు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. పర్వత్ పాటియాలో చుట్టాల గృహప్రవేశానికి పోయి, పాట ఆగిందని వంటింట్లోకి దూసుకెళ్లి ఓవెన్ ఆపేశాడు. ఆ పూట బంతిలో రెండోసారి వచ్చిన బగారన్నం చల్లగా వచ్చింది. పాట మాత్రం ఆ తర్వాత కూడా తెగుతూనే ఉంది. ఆ పాట యూట్యూబ్‌ది, డేటా అయిపోయింది.

బావ వల్ల నిజంగా బాగుపడ్డ కేసు ఒకటి చెప్పాలి. పక్కింటి పిల్ల వాయిస్ చాట్ పెట్టుకుని ఆట ఆడుతుంటే శబ్దమంతా బావిలోంచి వచ్చినట్టు వచ్చేది. బడ్స్ మైకు తెరవగానే బ్లూటూత్ పాటల దారి వదిలి ఫోన్ కాల్ దారి పడుతుంది. పాటల దారిలో సెకనుకు 44,100 నమూనాలైతే, కాల్ దారిలో పాత పద్ధతికి 8,000, కాస్త మెరుగైనదానికి 16,000. బావ సెట్టింగుల్లో ఆ బడ్స్ పేరు పక్కన పళ్లచక్రం నొక్కి, 'కాల్స్' మీట ఆపి, 'మీడియా' ఒక్కటే ఉంచాడు. మైకు ఫోనుది, మోత బడ్స్‌ది. నిమిషంలో అయిపోయింది. ఆ పిల్ల థాంక్స్ చెప్పింది. బావ మొహం వాడిపోయింది. ఇంత తొందరగా తేలిపోయే జబ్బు ఆయనకు జబ్బే కాదు.

అక్క, అంటే ఆయన భార్య, ఇవేవీ పట్టించుకోదు. ఒకసారి మా తమ్ముడి ఎడమ బడ్‌లో శబ్దం సన్నగా వస్తోందని బావ ఆదివారమంతా కూర్చున్నాడు. కోడెక్ మార్చాడు, జత విప్పి మళ్లీ జత చేశాడు, అబ్సల్యూట్ వాల్యూమ్ ఆపాడు, కుడి ఎడమల సర్దుబాటు చూశాడు. చివరికి కుడిపక్క శబ్దం కూడా తగ్గించి, "ఇగ రెండు సమానం" అన్నాడు. అక్క పప్పు తిరగమోత పెట్టి వచ్చి, ఆ బడ్‌ను వెలుతురుకు పట్టి చూసి, పాత టూత్‌బ్రష్‌తో జాలీ మీద మెల్లగా రెండుసార్లు గీకింది.

"గుబిలి," అంది.

పాట దద్దరిల్లింది. బావ కాసేపు మాట్లాడలేదు. మర్నాటినుంచి ఆయన చొక్కా జేబులో ఒక మెత్తని బ్రష్ చేరింది. "బడ్‌ను తలకిందులుగ పట్టి పొడి బ్రష్‌తోనే గీకాలె, నీళ్లు తగలొద్దు, పుల్లతోని పొడవద్దు" అని ఇప్పుడు ఆయనే అందరికీ చెబుతున్నాడు, ఆదివారమంతా తను చేసిన పరిశోధనలో తేలినట్టు. ఏడు దెబ్బలు మాత్రం మానలేదు. బ్రష్ ఆ తర్వాతే.

ఈ వైద్యానికి ఒక చెడు గుణం ఉంది. బాగుచేసిన ప్రతి స్పీకర్‌నూ బావ తన ఫోనుతో జతచేసి పరీక్షిస్తాడు. జత విప్పడం మరిచిపోతాడు. అందువల్ల లింబాయత్‌లో తెలుగువాళ్ల స్పీకర్లన్నిటికీ యజమాని ఎవరైనా, మనసులో మాత్రం బావే. స్విచ్ వేయగానే చాలా స్పీకర్లు పాత పరిచయస్థుడి కోసం వెతుక్కుంటాయి. ఇంట్లో అయితే ఫరవాలేదు.

సద్దుల బతుకమ్మ నాడు ఏమైందంటే, ఒకపక్క గుజరాతీల గర్బా మోత, ఇటుపక్క మైదానంలో మనవాళ్లు బతుకమ్మలను నడుమ పెట్టి చుట్టూ నిలబడ్డారు. తంగేడు దొరక్క బంతిపూలతో పేర్చినా గోపురాల ఎత్తు మాత్రం తగ్గలేదు. పెద్దావిడ ఒకామె చేతులు చరచడానికి సిద్ధమై పాట కోసం చూస్తోంది. మండలి కుర్రాడు స్పీకర్ స్విచ్ వేసి తన ఫోనులో పాట నొక్కాడు. అతని ఫోను అతని చేతిలోనే పాడుకుంది. స్పీకర్‌లోంచి మాత్రం, "నమస్కార్ దోస్తోఁ! ఆజ్ హమ్ దేఖేంగే, ఎల్‌డాక్ ఔర్ ఏపీటీఎక్స్ మేఁ కౌన్ హై అసలీ బాద్‌షా" అని మైదానమంతా దద్దరిల్లేలా వచ్చింది. బావ నాలుగు గజాల దూరంలో పుట్నాలు తింటూ ఫోను చూస్తున్నాడు. శబ్దం చెవిలో ఆగిపోయిందేమిటా అని వాల్యూమ్ పెంచాడు. అవతల గర్బా వాళ్లు కూడా కోలలు ఆపి ఇటు చూశారు. ఆ పెద్దావిడ కాసేపు విని, "బాద్‌షా ఎవడైతేంది, నా పాట పెట్టుండ్రి" అంది. పాట వచ్చేదాకా ఎవరు ఆగుతారు? ఆమే గొంతెత్తింది, ఆడవాళ్లంతా అందుకున్నారు. బావ పరుగెత్తుకొచ్చి స్పీకర్ సరిచేస్తూ కూర్చున్నాడు. అది సరయ్యేసరికి బతుకమ్మలు నీళ్లలో ఉన్నాయి.

ఈ మధ్య ఆయనకు కొత్త బెంగ పట్టుకుంది. 2020లో బ్లూటూత్ వాళ్లు ఎల్‌ఈ ఆడియో అని ఒకటి ప్రకటించారు. అందులోని ఎల్‌సీ3 కోడెక్ ఎస్‌బీసీ కంటే తక్కువ బిట్లతో మేలైన శబ్దం ఇస్తుంది, కాల్స్‌కూ పనికొస్తుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోన్లలోకి వస్తోంది. సంతోషించాల్సిన మాటే. "అన్నీ గదే సర్దుకుంటె మరి మనమేం జేయాలె?" అన్నాడు బావ. తర్వాత ఆయనే, "ఏం గాదు, అది గూడ సక్కగ పనిచెయ్యది" అని ధైర్యం తెచ్చుకున్నాడు.

మొన్న మా బాబాయి ఊరికి బయల్దేరితే బావ కూడా స్టేషన్‌కు వచ్చాడు. అహ్మదాబాద్ నుంచి చెన్నై పోయే నవజీవన్ ఇక్కడి తెలుగువాళ్లకు ఊరి బండి, ఎక్కితే నేరుగా వరంగల్‌లో దిగొచ్చు. బాబాయి కిటికీ దగ్గర కూర్చుని కొత్త బడ్స్ తీశాడు. అంతే. "ఏదీ, ఇటియ్యి చిన్నాయినా" అని కిటికీ చువ్వల్లోంచి బావ చేయి లోపలికి పోయింది. ఏడు దెబ్బలు అక్కడే పడ్డాయి. ఫోను బాబాయికి తిరిగిచ్చి, పాట పెట్టమని, బడ్స్ తన చెవుల్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బండి కూత కూడా ఆయనకు అడ్డం రాలేదు. బండి కదిలింది. "బడ్స్! బడ్స్!" అని బాబాయి చువ్వల మధ్య నుంచి అరుస్తున్నాడు. బావ ప్లాట్‌ఫారమ్ మీద నిలబడి ఒక చేయి పైకెత్తి అందర్నీ ఆగమన్నాడు. ఆ చేయి అలాగే ఉంది, డబ్బా వెనక డబ్బా పోతోంది. తర్వాత కళ్లు తెరిచి నా భుజం మీద చరిచాడు.

"కాయితం మీద పది మీటర్లే అంటరు గద? బామ్మర్దీ, రెండు డబ్బాలు దాటినంక కట్ అయింది! ఏం సెట్టింగ్ వెట్టిన్నో సూడు!"