చంద్రుడికి దారుంది, సైకిల్‌కు లేదు!

చెన్నైలో రాత్రి బయల్దేరిన సైకిల్ బృందం జాతీయ రహదారి 16 మీద లారీ హారన్లకు దండాలు పెట్టుకుంటూ తెల్లారేసరికి సూళ్లూరుపేట చేరి టీకొట్టు మీద పడుతుంది. దారిలో ఒకరి టైరు పంక్చరైతే పదిమందీ ఆగుతారు. ఒకరు గాలి కొడతారు, తొమ్మిదిమంది ఫొటోలు కొడతారు. సౌభ్రాతృత్వమంటే మాటలా!

అక్కణ్నుంచి పులికాట్ సరస్సు మధ్య రోడ్డు. సీజనైతే ఫ్లెమింగోలు కూడా (అవి ఎంత దూరం నుంచి వచ్చినా కిలోమీటర్లు చెప్పి చంపవు). ఇదిగో సముద్రం, అదిగో సముద్రం అనుకునేలోపు శ్రీహరికోటలోని షార్ అంతరిక్ష కేంద్రం గేటు.

‘‘పాస్ ఉందా?’’

లేదు. 2023 జులై 14న చంద్రయాన్-3 ఇక్కణ్నుంచే చంద్రుడి దారి పట్టింది. మనవాళ్లకు మాత్రం నాలుగడుగుల్లోని అలలు కూడా అందవు. 1960ల్లో కేరళలోని తుంబాలో రాకెట్ భాగాన్ని సైకిల్ మీదే మోసుకెళ్లారు కదా సార్ అని చరిత్ర విప్పారనుకోండి, ‘‘అది మీ సైకిలేనా?’’ అని అడిగినా అడుగుతారు.

వెనుదిరిగేలోపే వాట్సాప్‌లో తీర్మానం పాస్: వచ్చేవారం మైపాడు బీచ్. అక్కడ సముద్రం ఐడీకార్డు అడగదట!