గుమ్మడికాయ బూడిద

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడు ఉత్త అమాయకుడు. ఐక్యరాజ్యసమితిలో అలాంటివాళ్లకు సీటు దొరకదు. దేశాలు ఒకదాని కంప్యూటర్లలో ఒకటి దూరడం గురించి 1998లో రష్యా అక్కడ తీర్మానం పెట్టింది. అప్పటి నుంచి చర్చ నడుస్తూనే ఉంది. ఇన్నేళ్లలో ఆ హాల్లో భుజం తడుముకున్న దేశం నాకైతే కనబడలేదు.

2015 వేసవిలో 20 దేశాల నిపుణులు కూర్చుని 11 సూత్రాలు రాశారు. అమెరికా, రష్యా, చైనా మూడూ అందులో ఉన్నాయి. పక్కవాడి జనానికి ప్రాణాధారమైన వ్యవస్థల జోలికి పోవద్దు. దాడి జరిగినచోట మరమ్మతుకు వచ్చినవాళ్లను కొట్టొద్దు. వివరాలన్నీ చూడకుండా ఎవరినీ నిందించొద్దు. అన్నీ బంగారం లాంటి మాటలే. పాటించడం మాత్రం ఎవరిష్టం వారిదని కూడా అందులోనే రాసుకున్నారు. గూఢచర్యం మానుకోమని 11లో ఎక్కడా లేదు. మరిచిపోయారనుకునేరు! కల్లు దుకాణంలో కూర్చుని మద్యనిషేధం మీద తీర్మానం రాసేవాళ్లు దేన్ని వదిలేయాలో బాగా తెలిసి వదిలేస్తారు.

ఆ డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల్లోకి ఎవరో దూరి మీటలు కట్టేశారు. సుమారు 2.25 లక్షల మంది వినియోగదారులకు చలికాలంలో గంటల తరబడి చీకటి. పైగా, ఫిర్యాదు చేద్దామంటే లైను దొరక్కుండా కాల్ సెంటరును దొంగ ఫోన్లతో ముంచెత్తారు. (ఈ పనికి మా ఊళ్లో హ్యాకర్లు అక్కర్లేదు. లైన్‌మన్ ఒక్కడు చాలు.) రష్యా సైనిక గూఢచారులే చేశారని అమెరికా, మేం కాదని రష్యా.

2017 మేలో డబ్బు గుంజే వన్నాక్రై వైరస్ వచ్చింది. అమెరికా గూఢచార సంస్థ తయారు చేసి దాచుకున్న ఆయుధం దొంగల పాలై బజార్న పడితే, దాన్ని ఉత్తర కొరియా వాడిందని అమెరికానే తేల్చింది. దెబ్బ తిన్నది ఎవరయ్యా అంటే, బ్రిటన్ ఆస్పత్రులతో పాటు మన చిత్తూరు, గుంటూరు, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా. ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరిగినట్టు, ఎఫ్‌ఐఆర్‌లు రాసుకునే యంత్రాలు 300 డాలర్లు కట్టమని పోలీసులనే బెదిరించాయి. కేసు ఎవరి మీద పెట్టాలి మరి?

మరుసటి నెలలోనే 25 దేశాల నిపుణులు మళ్లీ కలిశారు. కొట్టినవాడిని తిరిగి కొట్టే హక్కుందా లేదా అన్నచోట మాట కుదరక, నివేదిక లేకుండానే లేచిపోయారు. ఆ జూన్ 27న నాట్‌పెట్యా అనే మరో వైరస్ విరుచుకుపడింది. గురిపెట్టింది ఉక్రెయిన్‌కు. మంట మెర్స్క్ ఓడల కంపెనీకి, అక్కడి నుంచి ముంబై పక్కనున్న ఓడరేవుకూ అంటుకుంది. మొత్తం నష్టం వెయ్యి కోట్ల డాలర్ల పైమాటేనని శ్వేతసౌధం లెక్క.

ఇంత జరిగాక దేశాలకు బుద్ధి రాకుండా ఉంటుందా? వచ్చింది. 2018లో ఒక పంచాయితీ చాలదని రెండు పెట్టుకున్నారు. రష్యా పంచాయితీకి 119 ఓట్లు, అమెరికా పంచాయితీకి 138. ఉన్నవే 193 దేశాలు. అంటే రెండింటికీ చెయ్యెత్తినవాళ్లు బోలెడు మంది. రెండు పెళ్లిళ్లకూ పిలుపొస్తే రెండు చోట్లా భోంచేయడం మనకు తెలియని విద్య కాదు.

ఆ ఏడాదే ఇంకో ముచ్చట. దక్షిణ కొరియాలో శీతాకాల ఒలింపిక్స్ ఆరంభోత్సవాన కంప్యూటర్లు కుప్పకూలాయి. ఆ వైరస్‌ను విప్పి చూస్తే ఉత్తర కొరియా గుర్తులు. ఇంకాస్త తవ్వితే ఆ గుర్తులు కావాలని అద్దినవి! చివరికి 2020లో అమెరికా కేసు పెట్టింది రష్యా సైనికాధికారుల మీద. తన భుజానికంటిన కాయ బూడిదను దులుపుకోవడం పాతకాలపు తెలివి. కాయ తాను ఎత్తుకెళ్లి, బూడిద పక్కవాడి భుజానికి రాసిపోవడం ఇప్పటి దౌత్యం.

2025 జూలైలో ఈ చర్చకు శాశ్వత వేదిక ఖాయమైంది. ఒక ఊపిరిలో చదవలేనంత పొడవు పేరు దానిది. అంతకుముందే, 2024లో, ఒక ఫోన్ డైరెక్టరీ కూడా తెరిచారు. దాడి జరిగితే ఏ దేశం ఏ దేశంలో ఎవరికి కబురు చేయాలో అందులో ఉంటుంది. నంబర్లు పనిచేస్తున్నాయో లేదోనని అప్పుడప్పుడు పరీక్షగా ఒక సందేశం పంపుతారు. అవతలివాళ్లు "అందింది" అని జవాబివ్వాలి. గుమ్మడికాయ సంగతి ఆ నంబరుకు అడిగితే మాత్రం, రాంగ్ నంబరు కాబోలు.