ఒక నొప్పి గ్రాహకం ఆత్మకథ

మోకాలి కీలు లోపలి పొరలో ముగిసే సన్నని నరం కొన మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. ఈ ఆత్మకథ దానిది. నాలుగు ప్రోటీను భాగాలు కలిసి మధ్యలో ఇరుకైన దారి విడిచిన నిర్మాణం అది. ఆ దారి తెరుచుకుంటే కాల్షియం, సోడియం అయాన్లు నరంలోకి చొరబడతాయి, వెన్నుపాముకు కబురు వెళ్తుంది. గ్రాహకం తయారయ్యేది వెన్నుపాము పక్కనున్న నాడీకణంలో. అక్కణ్ణుంచి నరం పొడవునా సాగి కీలు చేరుతుంది. పుట్టుక సంగతి ఇంతే.

చేసే పని మాత్రం గర్వంగా చెప్పుకోదగ్గది. దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ వేడికి, ఆమ్లానికి, మిరపకాయలోని కాప్సైసిన్‌కు ఈ దారి తెరుచుకుంటుంది. చిత్తూరు పల్లెల్లో సంగటిలోకి ఎండుమిరపకాయలేసి నూరిన ఊరిమిండి మంటగా తెలిసేది నోట్లోని ఇదే రకం గ్రాహకాల వల్లే. కాలిన గిన్నె తగలగానే చెయ్యి వెనక్కి రావడంలోనూ వీటికి వంతుంది. కాప్సైసిన్ సాయంతోనే డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీని జన్యువును గుర్తించింది. 2021లో ఆయనకూ, ఒత్తిడిని పసిగట్టే గ్రాహకాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆరోగ్యంగా ఉన్న కీలులో ఈ గ్రాహకానికి పని తక్కువ. మృదులాస్థిలో నరాలే లేవు. చుట్టూ ఉన్న పొరలోని నొప్పి నరాల్లో కొన్ని, తిరుమల నడకదారిలో మోకాళ్ల పర్వతం ఎక్కుతున్నా పలకవు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో రోగనిరోధక వ్యవస్థ ఆ పొర మీదికే తిరగబడుతుంది. వాపును రేపే ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడీకైనిన్, నరాల పెరుగుదల కారకం, టీఎన్ఎఫ్, ఐఎల్-6 అక్కడ పోగుపడతాయి. వాటి ప్రభావంతో గ్రాహకానికి ఫాస్ఫేట్లు అతుక్కుని, అది తెరుచుకునే హద్దు దిగిపోతుంది. అప్పుడు ఒంటి వేడి కూడా చాలు. నాడీకణం మరిన్ని గ్రాహకాలను తయారుచేసి పంపుతుంది. అంతదాకా పలకని నరాలు మేల్కొంటాయి, కాలు మడిచినా పోటు మొదలవుతుంది. పైగా రెచ్చిన నరం కొన సబ్‌స్టన్స్ పీ, సీజీఆర్‌పీ అనే పదార్థాలను కీలులోకి వదులుతుంది. రక్తనాళాలు వెడల్పై వాపు ఇంకా పెరుగుతుంది.

2005 చివర మొదలై 2006లో రాయలసీమను చుట్టేసిన చికున్‌గున్యా ఈ బాధను ఊరూరికీ తెచ్చింది. జ్వరం కొద్ది రోజుల్లో దిగింది, కీళ్ల నొప్పులు నెలల తరబడి నిలిచాయి. కొందరిలో ఆ నొప్పులు దీర్ఘకాలపు కీళ్లవాపుగా మారతాయి.

గ్రాహకానికి అసలు బాధ కలిగించేది ఆ తర్వాతి అలక్ష్యం. నెలల తరబడి కబుర్లు అందుకున్న వెన్నుపాము తానే మారిపోతుంది. అక్కడి ఎన్ఎండీఏ గ్రాహకాలు బలపడి, చిన్న కబురును కూడా పెద్దది చేసి మెదడుకు పంపుతాయి. కీలు వాపు దిగినా, రక్తపరీక్షలో వాపును సూచించే ఈఎస్ఆర్, సీఆర్పీ మామూలుకొచ్చినా, ఈ మార్పు వెంటనే పోదు. తెల్లవారుజామున ఆవు పాలు పితకడానికి కూర్చున్న ఓ కోడలి వేళ్లు సలుపుతుంటాయి. ‘వాపు పాయ గదా, ఇంకా ఏం నొప్పిమే నీకు?’ అంటుంది అత్త. ‘నిజంగానే నొస్తా ఉండాదత్తా’ అన్న జవాబు ఎవరికీ పట్టదు. రిపోర్టు బాగుంది గనుక ఆ మాట పనిదొంగ సాకుగా మిగులుతుంది. వాపు కొలవడానికి పరీక్ష ఉంది, నొప్పిని చూపించే రక్తపరీక్ష లేదు. గ్రాహకం పంపిన కబురు నిజమైనదే, మోసింది నిజమైన నరమే. అయినా మనిషిని నమ్మరు.

మందులు ఈ గొలుసును వేర్వేరు చోట్ల తెంపుతాయి. డైక్లోఫెనాక్ వంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. డాక్టరును అడగకుండా ఏళ్ల తరబడి మింగితే కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. వారానికి ఒక్కసారే తీసుకునే మెథోట్రెక్సేట్ వాపును మూలంలో తగ్గిస్తుంది. వెన్నుపాము మారాక మాత్రం వాపు మందులొక్కటే చాలవు, వ్యాయామం, నిద్ర, నరాల మీద పనిచేసే మందులు కూడా కావాలి. కాప్సైసిన్ పూత మొదట మండించి, పదేపదే రాస్తే నరం కొనను చర్మంలో మొద్దుబరుస్తుంది. ఈ గ్రాహకాన్ని పూర్తిగా మూసేసే మందులనూ మనుషుల మీద పరీక్షించారు. కొందరిలో ఒంటి ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పెరిగింది. కాలేంత వేడి కూడా సరిగ్గా తెలియకపోవడం మరో ఇబ్బంది. వేడి కాపలా చెడకుండా కీలు నొప్పిని మాత్రమే ఆపే అణువు కోసం ప్రయత్నాలు సాగుతున్నాయి.