జుఫూరేలో అడవిపందులు

"కుంటా కింటే, ఒమొరో, బింటా... ఇవి నోరు తిరిగే పేర్లేనా అన్నా?" అని 'ఏడు తరాలు' పదో పేజీ దగ్గర చేతులెత్తేశాడు మా పక్కింటి పిల్లగాడు. వెస్టిండీస్ జట్టు మొత్తాన్ని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేది వాడే.

అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ను సహవాసి కుదించి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చేసింది. నా ప్రతి మా ఊరు దోమలో చాలా ఇళ్లే తిరిగింది. గ్రూప్స్‌కు చదివే ఒకడు మాత్రం గాంబియా రాజధాని బిట్టు పడుతుందా అని అడిగాడు. బాంజుల్ అని చెప్పి పుస్తకం వెనక్కి లాక్కున్నాను.

మా కాకకు కళ్లు ఆనవు. అందుకని ఇంగ్లీషు మూలం కూడా కలిపి నేనే నోటితో చెప్పాను. పల్లి చేలల్లో పడ్డ అడవిపందుల్ని, కథ మొదలయ్యే గాంబియా పల్లె జుఫూరే పిల్లలు మట్టిపెళ్లలతో తరుముతారనగానే లేచి కూర్చున్నాడు.

"పెళ్లలతోని పోతయా బిడ్డా అవి? మేం పటాకులు కాలిస్తెనే పోతలెవ్వు. ఆ రాసినాయన ఒక్క రాత్రి మంచె మీద పంటే ఎరుకైతుండె."

1750 నాటి పందులు కొంచెం మర్యాదస్తులేమో అన్నాను. ఒప్పుకోలేదు. మా వైపు తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది గానీ ఆ కాగితం చూపిస్తే పందులు ఆగవు కదా! కాక కోపమంతా సేద్యం తెలియని రచయిత మీదే. అది ఆఫ్రికా అన్న సంగతి ఆయనకు పట్టనే లేదు.

కథానాయకుడు కుంటాకు పుట్టిన ఎనిమిదో రోజే పేరు పెట్టారంటే పెద్దమ్మ ఊరుకోలేదు. "ఇర్వై ఒకటి ఆగొద్దా? అయినా చెవుల పేరు తండ్రి చెప్పుడేంది, మేనత్త ఏడవోయింది?" హేలీ 1967లో జుఫూరే వెళ్లినప్పుడు వంశగాథలు చెప్పే ఒక గ్రియో ఆ వంశం మొత్తం వల్లించాడంటే మాత్రం ఇద్దరికీ ఆశ్చర్యం లేదు. గోత్రాలు చెప్పేవాళ్లు మన గడపలకూ వచ్చేవాళ్లే. సంభావన ఎంత ముట్టిందన్నదే కాక సందేహం.

పరాయి నేపథ్యం మన పాఠకుడికి ఎక్కదని పెద్దలంటారు. పంట చేతికొచ్చేదాకా గింజలు చూసి చూసి వండుకునే ఊరు మాకు పరాయిదెట్లా అవుతుంది? మొన్న కాకకు ఒక గోదావరి నవల మొదలుపెట్టాను. పెళ్లివారి పడవ పెరటి రేవులోనే ఆగిందని చెప్పానో లేదో, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగాగు. ఇది ఏ దేశం కత బిడ్డా?"