బల్లకు దూరం

ప్రసంగం అయిపోయి ప్రభువు బల్ల సిద్ధం చేస్తున్నారు. సంఘ పెద్ద లేచి, ఆడవాళ్ళ వైపు చివరి వరసలో కూర్చున్న పూలామెను నిలబడమన్నాడు. ఆమె నొసట స్టిక్కర్ బొట్టు ఉంది.

పాకాల స్టేషన్‌కు పోయే దారిలో ఆమె పూలు అమ్ముతుంది. మొగుడు పక్షవాతంతో మంచాన పడినప్పట్నించీ ఆ బుట్టే ఇంటికి ఆధారం. మల్లెలు, కనకాంబరాలు, చామంతులు కట్టుకొని తెల్లారకముందే కూర్చుంటుంది. కొనేవాళ్ళలో ఎక్కువమంది పూజకు కొనే ఆడవాళ్ళు, కాణిపాకానికో తిరుపతికో పోతూ దారిలో ఆగేవాళ్ళు. బోడి నొసలుతో కూర్చున్న మనిషి దగ్గర పొద్దున్నే బోణీ చెయ్యడానికి వాళ్ళకు మనసొప్పదు. అందుకని వారమంతా బొట్టు పెట్టుకుంటుంది. ఆదివారం పొద్దున కొళాయి దగ్గర మొహం కడుక్కొని, అది తీసేసి చర్చికి వస్తుంది. ఈ సంగతి సంఘంలో తెలియనివాళ్ళు లేరు. ఆ ఆదివారం పెండ్లి ముహూర్తాలు. తెల్లవారుజాము నుంచి అమ్మి అమ్మి, బుట్ట ఖాళీ కాగానే ఆరాధనకు పరిగెత్తుకొచ్చింది. బొట్టు సంగతి మరిచిపోయింది.

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టేవాళ్ళకు ఈ బల్లలో పాలు లేదు" అన్నాడు పెద్దాయన. ఆరు నెలలు బల్లకు దూరం. మినిట్స్ పుస్తకం తెప్పించి, ఆమె తప్పు ఒప్పుకొన్నట్టు రాసి, సంతకం చెయ్యమన్నాడు. ఆమెకు చదువు రాదు. అందరూ చూస్తుండగా వేలిముద్ర వేసి, పోయి తన చోట కూర్చుంది. రొట్టె పళ్ళెం ఆమె ముందు నుంచే పక్కామెకు పోయింది.

నాకది ఇప్పటికీ మింగుడుపడదు. తనను పట్టించబోయే యూదాను కూడా పక్కన కూర్చోబెట్టుకొని ప్రభువు రొట్టె విరిచిన బల్ల అది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు, బల్ల దగ్గరికి వచ్చే ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకోమన్నాడు. పక్క వరసలో ఉన్నవాళ్ళ నొసలు పరీక్షించమని ఎక్కడా చెప్పలేదు. అసలు బొట్టు సంగతిలో సంఘాలన్నిటికీ ఒకే నియమమూ లేదు. ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్ళలో ఎందరో ఆడవాళ్ళు బొట్టుతోనే పూజకు పోతారు, బొట్టుతోనే సత్ప్రసాదం తీసుకుంటారు. మా సంఘంలో మాత్రం నలుగురికి అన్నం పెట్టే ఆ చుక్క, బల్ల కాడి నుంచి లేపేయదగిన పాపమైంది.

పెద్దాయన దుర్మార్గుడు కాదు. రైల్వేలో పనిచేసి రిటైరైనాడు. ఆదివారం అందరికంటే ముందొచ్చి తాళం తీసేది ఆయనే, చివరన పోయేదీ ఆయనే. సంఘం చందాలో ఒక్క రూపాయి తేడా రానిచ్చిన మనిషి కాదు. ఆ కచ్చితం వల్లే ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు నేనూ చెప్పలేదు.

రెండు నెలలకు ఆయన మనవరాలికి సర్కారు ఉద్యోగం వచ్చింది, ఎస్సీ కోటాలో.

ఇక్కడ కొంచెం నిలబడి చెప్పాలి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు ఇంతవరకూ తెరవలేదు. మన రాష్ట్రంలో ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంటే, ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళను బీసీ-సి కింద పెట్టి 1 శాతం ఇచ్చారు. పుదుచ్చేరి మహిళ ఒకామె కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడగడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరి చివర ఉన్న ఇల్లు ఊరి నడుమకు రాలేదు. హోటల్లో వేరే గ్లాసు పెట్టినవాడు, నువ్వు ఏ దేవుణ్ణి మొక్కుతావని అడిగి పెట్టలేదు. అందుకే రికార్డులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు పెట్టుకొని బతికే కుటుంబాలు ఇన్ని ఉన్నాయి. తాతల కాలం నుంచి తొక్కబడి, పిల్లల చదువు కోసం, కూడు కోసం ఆ కాగితం దగ్గర తలవంచినవాళ్ళ మీద నేను రాయి వెయ్యను. వాళ్ళలో పెద్దాయనా ఒకడు.

తహసీల్దారు ఆఫీసుకు ఎవరో ఆకాశరామన్న అర్జీ పెట్టారు. ఈ కుటుంబం చర్చికి పోతుంది, ఇంటాయన సంఘానికి పెద్ద, విచారించండి అని. ఆర్‌ఐ ఇంటికే వచ్చి చూస్తాడని సచివాలయం నుంచి కబురొచ్చింది. ఆ అర్జీ పూలామే పెట్టి ఉంటుందని సంఘంలో గుసగుసలు మొదలైనాయి. ఆమెకు కాక ఇంకెవరికుంటుంది కడుపుమంట అన్నారు. మినిట్స్ పుస్తకంలో ఆమె వేలిముద్ర చూసినవాళ్ళే ఆ మాటన్నారు.

విచారణ రోజు తెల్లవారుజామున నేను స్టేషన్ దారిలో టీ అంగడి బెంచీ మీద ఉన్నాను. పక్కనే పూలబుట్ట. ఇంకా ఎవరూ రాలేదు, బోణీ కాలేదు. పెద్దాయన భార్య కొంగు తలమీదికి లాక్కొని వచ్చింది. ఆయన వెనకాలే వచ్చి, కరెంటు స్తంభం దగ్గరే ఆగిపోయి, మొహం అటు తిప్పుకొని నిలబడినాడు.

"అమ్మణ్ణీ, రెండు మూరలు మల్లెలియ్యి."

పూలామె మూర వేసి కోసి ఇచ్చింది. ఆమె తీసుకుంది గానీ కదల్లేదు.

"ఇంకొకటి కావాల్నే. ఆర్‌ఐ తొమ్మిదికే వస్తాడంట. గోడకు ఎంకటేశ్వరసామి పటం తగిలించినాము. నా మొగం చూస్తే కనిపెట్టేస్తాడని ఈయనకు బయం. ఫ్యాన్సీ అంగడి పదికి గానీ తెరవరు. నీకాడ బొట్టుబిళ్ళ ఒకటుంటే..."

మాట పూర్తి చెయ్యలేకపోయింది. పూలామె స్తంభం వైపు చూసింది. పెద్దాయన ఇటు తిరగలేదు. ఆమె రవికలోని చిల్లర సంచి తీసి వెదికింది. బుట్ట అడుగున అరిటాకు ఎత్తి చూసింది. ఎక్కడా లేదు. అప్పుడు తన నొసటి బిళ్ళను గోటితో మెల్లగా లేపి, కొంగుతో అద్ది, పెద్దాయన భార్య గడ్డం పట్టుకొని మొహం లైటు వైపు తిప్పి, కనుబొమల నడుమ అంటించింది. వంకరగా వచ్చిందని మళ్ళీ సరిచేసింది.

"పూలకు మాత్రం డబ్బులియ్యక్కా, బోణీ" అంది.

పెద్దాయన భార్య చేతులు వణుకుతుంటే నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. పూలామె వాటిని కండ్లకద్దుకొని, చిల్లర చేతిలో పెడుతూ అంది:

"ఈ ఆదివారం బల్ల ఉండాది కదక్కా. చర్చికొచ్చే ముందర గ్యాపకంగా తీసేసెయ్యి. నా మాదిరి మరిచిపోయేవు."